మాస్టారు ముట్టుకున్న సైకిలు

ముందు గదిలో ఏసుప్రభువు పటం పక్కన, మేకుకు టైరు వేలాడుతోంది.

ప్రేమమ్మ దాన్ని అక్కడ తగిలించి మూడు రోజులయింది. ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో వండుతున్నారు, తింటున్నారు, అంట్లు తోముకుంటున్నారు గానీ మొగుడూ పెళ్ళాల మధ్య మాట లేదు. డ్రిల్లు మాస్టారు జక్రయ్య బడికి వెళ్ళేటప్పుడు ఆ గోడవైపు చూడకుండా చెప్పులు తొడుక్కుంటున్నాడు. వచ్చేటప్పుడు చూడకుండానే విడుస్తున్నాడు.

గురువారం పొద్దున అతని తల్లి దీనమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది.

"ప్రభువు పటం పక్కన ఆ రబ్బరు ముక్క ఏంటమ్మాయ్? పర్చూరంతా వచ్చి చూసిపోతోంది. నిన్న పాస్టరుగారు ప్రార్థన చేస్తూ కళ్ళు మూసుకోవడం మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నారు. తీసెయ్."

"తీసేస్తానత్తయ్యా. ఎందుకు తియ్యాలో మీ అబ్బాయిని చెప్పమనండి."

జక్రయ్య అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. దువ్వెన ఆగింది.

"నేనెందుకు చెప్పాలి?"

మూడు రోజుల తర్వాత భార్యతో అతనన్న మొదటి మాట అది.

"మీరు చూస్తారని తగిలించాను. మీరు చూడ్డం లేదు. చూసి, ఆ చిల్లు ఎలా పడిందో చెబితే తీసేస్తాను."

చీరాలలో సైకిలు షాపు పెట్టుకున్న సైదా, కొలంబో నుంచి వచ్చిన సైకిలు బాగుచేస్తూ ఊడదీసి, చెప్పే ధైర్యం చాలక రెండేళ్ళు దాచి, పోయినవారం ప్రేమమ్మ చేతిలో పెట్టిన టైరు అది. రెండేళ్ళ కిందట కొలంబోలో, అంతర్జాతీయ పోటీల్లో, ఆడవాళ్ళ స్ప్రింటు ఫైనల్లో ఆమెను నేలకు కొట్టిన టైరు.

స్ప్రింటంటే ఇద్దరే ఇద్దరు. మొదటి చుట్లలో నింపాదిగా నడిపిస్తూ, నువ్వు ముందు వెళ్ళంటే నువ్వు వెళ్ళని ఒకరినొకరు కాచుకుంటారు. ముందు వెళ్ళినవాళ్ళ వెనక గాలి చాటున రెండోవాళ్ళు దాక్కుంటారు. ఆఖరి రెండొందల గజాల్లో ప్రాణం పెట్టి తొక్కుతారు. మూడు పరుగుల్లో రెండు గెలిచినవాళ్ళదే పతకం. ఆ రోజు జపాను అమ్మాయీ ప్రేమమ్మా చెరొకటి గెలిచారు. మూడో పరుగు. పెద్ద గిన్నె అంచులా వాలుగా లేచిన సిమెంటు ట్రాకు మీద ప్రేమమ్మ పైనుంచి కిందికి దూకింది. జపాను అమ్మాయి చక్రం పక్కకు తన చక్రం వచ్చింది. సరిగ్గా అప్పుడే ముందు టైరు మెత్తబడి, చెట్టు బెరడు ఒలిచినట్టు రిమ్ము మీంచి ఊడిపోయింది. ఆ తర్వాత ఆమెకు గుర్తున్నది ఆసుపత్రి పైకప్పు.

భుజం ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ నూతిలో చేద వేసి లాగితే కలుక్కుమంటుంది.

"ముల్లు గుచ్చుకుంది. ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు జక్రయ్య అద్దంలోకి చూస్తూనే.

"ముల్లు నేలమీంచి గుచ్చుకోవాలి. ఈ చిల్లు నేల తగిలే చోట లేదు. పక్కన, రిమ్ము అంచున ఉంది. సన్నగా, గుండ్రంగా. సూదితో పొడిచినట్టు."

"సైదా చెప్పాడా? సైకిళ్ళకు గాలికొట్టుకునేవాడు డిటెక్టివయ్యాడా?"

"మూడో పరుగుకు ముందు, ఆ మధ్యాహ్నం సైకిలు దగ్గర మీరు తప్ప ఎవరున్నారండీ? నేను భోజనానికెళ్ళాను. నువ్వెళ్ళి తిను, పరాయి దేశంలో ఎవర్నీ నమ్మకూడదు, నేను కాపలా ఉంటా అన్నారు మీరు."

బయట ఎవరిదో పత్తి బండి కిర్రుకిర్రుమంటూ పోతోంది.

"ఏరా?" అంది దీనమ్మ.

కొడుకు అద్దంలోనే చూస్తూ దువ్వెన మళ్ళీ తలకు ఆనించాడు.

"నిన్నేరా. మాట్లాడవేం?"

జక్రయ్య దువ్వెన విసిరికొట్టాడు.

"పేపర్లో ఏమని వేశారో నీకు తెలుసా అమ్మా? 'ప్రేమమ్మ వెంట ఆమె భర్త కూడా వెళ్ళారు.' కూడా! నాకు పేరు లేదు. చీరాల రోడ్డు మీద రోజూ తెల్లవారుజామున దీని సైకిలు సీటు పట్టుకుని పరిగెత్తింది నేను. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు దూకాలో నేర్పింది నేను. నేను మెడ్రాసు సెలెక్షను దాటలేకపోయాను, నిజమే. అందుకని నా పెళ్ళాం పెట్టె పక్కన నేను 'కూడా' అయిపోవాలా?"

"అందుకని?" అంది ప్రేమమ్మ. గొంతు లేవలేదు.

"పడతావనుకోలేదు." అతని గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "గాలి తగ్గితే వెనకబడతావనుకున్నా, అంతే. రెండోదానివయినా వెండి పతకం వస్తుంది గదా అనుకున్నా. పడతావనుకోలేదు ప్రేమా."

దీనమ్మ ఉన్నచోటే కూలబడింది. ముప్పై ఏళ్ళు మిషను వాళ్ళ సైకిలు మీద ఊరూరూ తిరిగి బైబిలు వాక్యం చెప్పిన మనిషి. ఎండలో ఎన్ని మైళ్ళు తొక్కినా ఆవిడ ముఖం అలా వాడిపోవడం ప్రేమమ్మ ఎన్నడూ చూడలేదు.

ఏడుపు వస్తుందనుకుంది ప్రేమమ్మ. రాలేదు. రెండేళ్ళు ఈ చేతులే తన భుజానికి ఆముదం రాశాయి. వేడినీళ్ళ కాపడం పెట్టాయి. ఊరంతా ఏమి మొగుడమ్మా అని మెచ్చుకుంటే తనూ పొంగిపోయింది.

"మళ్ళీ కొలంబో పోటీలు వస్తున్నాయి గదా, ఈసారి మీరు మేనేజరుగా రారు," అంది. "పెట్టె మోసే మనిషిగా వస్తారు. ప్రతి పరుగుకీ ముందు నా టైర్లకు మీరే గాలికొడతారు. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తాను. ఎందుకలా చూస్తున్నావని నలుగురూ అడుగుతారు. మీరే చెప్పుకోండి."

"రానంటే?"

"మధ్యాహ్నం మార్కండేయులుగారు వస్తున్నారు గదా. ఆయనకు గోడ చూపిస్తాను."

*

జిల్లా సైకిలు సంఘం సెక్రటరీ మార్కండేయులు గారు గుంటూరులో పత్తి మిల్లు ఉన్న మనిషి. ఆయన జీపు, వీధిలో ఆరబోసిన మిరపకాయల్ని తప్పించుకుంటూ వచ్చి గడప ముందు ఆగింది. ఆయన తుమ్ముతూ దిగాడు, తుమ్ముతూ కూర్చున్నాడు. దీనమ్మ కాఫీ ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. జక్రయ్య ఆ టైరుకు అడ్డంగా, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"భుజం ఎలా ఉందమ్మా?" అన్నాడు మార్కండేయులు గారు. "మాస్టారి ఉత్తరం చూసి చాలా బాధపడ్డాను."

"ఏ ఉత్తరమండీ?"

ఆయన ఆమెనూ జక్రయ్యనూ మార్చి మార్చి చూశాడు. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు.

డ్రిల్లు మాస్టారి గుండ్రటి చేతిరాత. తేదీ పది రోజుల నాటిది. అంటే సైదా టైరు ఇవ్వకముందే, ఇంట్లో ఏ గొడవా లేనప్పుడే రాసింది. తన భార్య భుజం పోటీలకు పనికిరాదని డాక్టరు చెప్పాడట. కావున ఆమెకు బదులు తన శిష్యురాలు, చీరాల నేతపని పానకాలు కుమార్తె నాంచారమ్మను కొలంబో పంపవలసిందట. మేనేజరుగా తాను వెంట వెళ్ళగలడట.

ప్రేమమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. మొగుడి వైపు తిరగలేదు.

"ఏ డాక్టరండీ?" అని సెక్రటరీనే అడిగింది.

ఆయన ఇబ్బందిగా కదిలి, మాట మార్చడానికి గోడవైపు చూశాడు. జక్రయ్య భుజం మీదుగా టైరు కనిపించింది.

"అదేంటమ్మా, గోడకు టైరు?"

గుమ్మంలో దీనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జక్రయ్య మెడ మీద చెమట దారకట్టింది.

ఒక్క మాట చాలు. ఆ మాట ప్రేమమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇక్కడ చెబితే ఏమవుతుంది? ఇంట్లో గొడవవుతుంది. సెక్రటరీగారు సర్దిచెబుతారు. మొగుడూ పెళ్ళాల తగాదా కింద పోతుంది. ఆమెకు గొడవ అక్కర్లేదు. జనం కావాలి.

"కొలంబో జ్ఞాపకమండీ," అంది.

జక్రయ్య ఊపిరి వదిలిన చప్పుడు ఆమెకు వినిపించింది.

"నా భుజం సంగతి నేను చెప్పడమెందుకు, డాక్టరు చెప్పడమెందుకు? పందెం పెట్టండి. ఆ అమ్మాయీ నేనూ. మూడు పరుగులు. ఎవరు గెలిస్తే వాళ్ళని పంపండి."

మార్కండేయులు గారికి ప్రాణం లేచివచ్చింది. "బాగుందమ్మా. ధర్మంగా ఉంది. ఆదివారం, గుంటూరులో," అన్నాడు.

జీపు వెళ్ళాక జక్రయ్య అడిగాడు, "ఎందుకు చెప్పలేదు?"

"మీరు రెండేళ్ళు దాచుకున్నారు. నేను మూడు రోజులు దాచుకోలేనా?"

*

దీనమ్మ ఆదివారం ఆరాధన మానడం ఊళ్ళోవాళ్ళు అదే మొదటిసారి చూడడం. పొద్దున్నే తెల్లచీర కట్టుకుని కోడలితోపాటు గుంటూరు బస్సెక్కింది.

గుంటూరులో వాలు ట్రాకు లేదు. పెద్ద మైదానంలో బొగ్గుపొడి పరిచిన చదును ట్రాకే. రెండు చుట్లు అని నిర్ణయించారు. తాడు కట్టిన అవతల అయిదారు వందల మంది చేరారు. లాగూ చొక్కా వేసుకుని సైకిలు తొక్కే ఆడవాళ్ళని చూడ్డానికి వచ్చినవాళ్ళే అందులో సగం మంది.

నాంచారమ్మకు పదిహేడేళ్ళు. బిగించి అల్లిన జడ, మగ్గం తొక్కి తొక్కి రాటుదేలిన పిక్కలు. వాళ్ళ నాన్న పానకాలు అందరికీ దణ్ణాలు పెడుతూ, "మా వంశంలో కాళ్ళున్నది మగ్గం తొక్కడానికేనండి. దీనికి ఈ పిచ్చి మాస్టారు పట్టించారండి," అని సిగ్గుపడుతూ, లోపల మురిసిపోతూ తిరుగుతున్నాడు.

ఆ అమ్మాయి ప్రేమమ్మను చూడగానే వచ్చి చేతులు పట్టుకుంది.

"అక్కా, మీకు భుజం బాగాలేదన్నారు మాస్టారు. బాగుందని తెలిస్తే నేను ఒప్పుకునేదాన్ని కాదు."

ప్రేమమ్మ చేతులు విడిపించుకుంది. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. దొరకలేదు. దాంతో మొగుడి మీద కోపం రెట్టింపయింది.

పరుగు మొదలయ్యేముందు సైకిలు ఒరగకుండా వెనక ఒకరు సీటు పట్టుకోవాలి. నాంచారమ్మ సీటు జక్రయ్య పట్టుకున్నాడు. ప్రేమమ్మ సీటు సైదా పట్టుకున్నాడు.

మొదటి పరుగు ఏమంత కష్టం కాలేదు. నాంచారమ్మను ముందు వెళ్ళనిచ్చి, చివరి మలుపులో ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసిన క్షణంలో ప్రేమమ్మ పక్కనుంచి దాటిపోయింది.

రెండో పరుగులో ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. అసలు ముందుకే రాలేదు. ప్రేమమ్మ వెనకే అంటిపెట్టుకుని, చివరి మలుపులో బయటి నుంచి రివ్వున వచ్చింది. చక్రం పక్కన చక్రం. తర్వాత అరచక్రం ముందుకు.

ఆ పిల్ల తల మీదుగా, తాడు పక్కన ఎగురుతున్న జక్రయ్య కనిపించాడు.

"దూకు తల్లీ, దూకు! ఇప్పుడే!"

కొలంబో మూడో పరుగులో తనకు వినిపించిన మాటలే. ఆ గొంతే. అప్పటికే టైరులో సూది దింపి ఉన్న మనిషి గొంతు.

ప్రేమమ్మ మోచెయ్యి పక్కకు లేచింది.

దానంతటదే లేచిందని తనకు తాను చెప్పుకోబోయింది. అబద్ధం. లేవబోతోందని తెలుసు. లేవనిచ్చింది.

నాంచారమ్మ సైకిలుతో సహా దొర్లుకుంటూ పోయింది. ప్రేమమ్మ గీత దాటింది. గీత దగ్గరున్న జడ్జీలకు దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు.

పానకాలు తలగుడ్డ ఊడదీసి పరిగెత్తాడు. ఆ పిల్ల ముంజేయి చర్మం లేచిపోయింది, బొగ్గుపొడి రక్తంలో కలిసి నల్లగా కారుతోంది. సైకిలు మాత్రం దెబ్బ తగలకుండా మెత్తటి గట్టు మీద పడి ఉంది. ప్రేమమ్మ దగ్గరికి వెళ్ళేసరికి ఆ పిల్ల ఏడుపు దిగమింగుకుంటూ, "నా చక్రమే జారిందక్కా. నాదే తప్పు," అంది.

ప్రేమమ్మ వంగి ఆ పిల్ల సైకిలు లేపి నిలబెట్టింది.

వెనక నుంచి జక్రయ్య వచ్చాడు. చాలా దగ్గరగా నిలబడ్డాడు. ముఖంలో నవ్వుంది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి అతను ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు.

"చూశాను," అన్నాడు మెల్లగా. "మోచెయ్యి. వాళ్ళెవరూ చూళ్ళేదు, నేను చూశాను. భయపడకు, చెప్పన్లే. ఇంటికెళ్ళి ఆ టైరు తీసెయ్. ఇక మనిద్దరం సరికి సరి."

ఆ నవ్వు ఆమెకు కొరడాలా తగిలింది. గెలిచి కొలంబో వెళ్ళినా, పతకం తెచ్చినా, ఆ నవ్వు తన పక్కనే ఉంటుంది. జీవితాంతం అన్నం పెట్టించుకుంటూ ఉంటుంది.

ఆమె తిన్నగా జడ్జీల బల్ల దగ్గరికి నడిచింది.

"మార్కండేయులుగారూ, ఆ పరుగు నాది కాదండీ. ఆ పిల్ల పడలేదు. నేను మోచేత్తో పొడిచి పడేశాను. ఆ పిల్ల గెలిచినట్టు రాయండి."

తాడు అవతల జనంలో కలకలం రేగింది. ఎవరో కేక వేశారు. ప్రేమమ్మ తిరిగి చూడలేదు.

"ఇంకో సంగతి కూడా రాయండి. కొలంబోలో నా టైరు గాలి ఎలా పోయిందో మా ఆయన్నడిగి రాయండి."

జక్రయ్య నవ్వు ఇంకా ముఖం మీంచి పూర్తిగా పోలేదు. "దీనికి ఆ దెబ్బ తగిలిన దగ్గర్నుంచీ బుర్ర సరిగ్గా ఉండడం లేదండీ," అన్నాడు అందరికీ వినపడేలా. "భుజం ఒక్కటే కాదు, అదీ పాడయింది. బయట చెప్పుకోలేక ఉత్తరంలో భుజమని రాశాను. కావాలంటే మా అమ్మనడగండి. అబద్ధం తెలీని మనిషి."

అందరి చూపులూ బెంచీ మీద తెల్లచీర వైపు తిరిగాయి. దీనమ్మ లేచి నిలబడింది. కొడుకు ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో ఏం వెతికిందో ఏమో, దొరకలేదు కాబోలు.

"ఏది చెప్పమంటావురా?" అంది. "సూది సంగతా, ఉత్తరం సంగతా?"

ఆ మైదానంలో అంతవరకూ సూది మాట ఎవరూ ఎత్తలేదు.

మార్కండేయులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బల్లమీద కాగితంలో మేనేజరు అన్నచోట ఉన్న పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. కలం చప్పుడు అందరికీ వినపడింది.

"చెరొకటి," అన్నాడు. "మూడో పరుగు ఉంది. అమ్మాయ్ నాంచారమ్మా, తొక్కగలవా?"

ముంజేతికి తలగుడ్డ కట్టించుకున్న నాంచారమ్మ వంగి, తన సైకిలు ముందు టైరు బొటనవేలితో నొక్కి చూసింది. తర్వాత వెనక టైరు. మళ్ళీ ముందుది.

"నేనెక్కనండీ," అంది. "నిన్న దీనికి గాలికొట్టింది మాస్టారేనండి. మాస్టారు ముట్టుకున్న సైకిలు నేనెక్కను."

"ఎక్కొద్దులేమ్మా, ఇంటికి పోదాం పద," అన్నాడు పానకాలు.

"అయ్యో, నీ సైకిలుకు నేనేం చేస్తానే పిచ్చిదానా?" అన్నాడు జక్రయ్య. అతన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ప్రేమమ్మ తన సైకిలు తెచ్చి నాంచారమ్మ ముందు నిలబెట్టింది.

"ఇదెక్కు. సైదా చేతిలో తయారయింది. ఎక్కడా భయం లేదు. దాన్ని నేనెక్కుతా."

"అక్కా, మీరు..."

"ఎక్కమంటున్నానా!"

సైదా అడ్డం వచ్చాడు. "అమ్మా, ఒక్క నిమిషం ఆగండి. ఆ టైర్లు విప్పి చూసి ఇస్తాను."

"వద్దు సైదా. నువ్వు ఆ అమ్మాయి సీటు పట్టుకో."

నాంచారమ్మ సైకిలు సీటు తనకు కాస్త కిందికి ఉంది. ప్రేమమ్మ సర్దుకుని కూర్చుంది. గీత దగ్గర ఒక కాలు నేలకు ఆనించి, తాడువైపు తలెత్తింది.

"ఏమండీ, రండి. నా సీటు పట్టుకోండి."

జక్రయ్య కదల్లేదు. అయిదు వందల జతల కళ్ళు అతన్ని నెట్టాయి. వచ్చాడు. సీటు పట్టుకున్నాడు. ప్రేమమ్మ రెండో కాలు కూడా నేలమీంచి ఎత్తి పెడలు మీద పెట్టింది. ఆమె బరువంతా ఇప్పుడు అతని చేతుల్లో ఉంది.

"దీంట్లో ఏమన్నా ఉంటే ఇప్పుడు చెప్పండి," అంది, జనానికి వినపడేంత గట్టిగా. "నేను నమ్ముతానో లేదో తర్వాత సంగతి. మీరు మాత్రం చెప్పండి."

జక్రయ్య నోరు తెరిచాడు. తల్లి వైపు చూశాడు. ఆవిడ ముఖం తిప్పుకుంది. పానకాలు వైపు చూశాడు. సైదా వైపు, సెక్రటరీ వైపు చూశాడు. ఉందని చెప్పినా, లేదని చెప్పినా నమ్మే మనిషి ఆ మైదానంలో ఒక్కడు లేడని అతనికి అప్పుడు అర్థమయింది. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు.

సీటు మీద అతని చేతులు వణకడం ప్రేమమ్మ ఒళ్ళంతా పాకింది. సిగ్గుతో వణుకుతున్నాయో, భయంతోనో, లేక ఆ టైరులో ఉన్నదేదో తెలిసే వణుకుతున్నాయో ఆమెకు అంతుపట్టలేదు.

స్టార్టరు విజిలు నోట్లో పెట్టుకున్నాడు.